అయిపోతుంది

మార్చి 4

బావ ఇవాళ మాట్లాడాడు. అక్క ఏడ్చింది. నేను సోఫా ఒకటి విప్పుతూ కూర్చున్నాను.

అక్క ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి, "ఒసేయ్, మీ బావకి మాటొచ్చిందే" అంది. ఏమన్నాడని అడిగాను. "అయిపోతుంది అన్నాడే" అంది.

సుత్తి కింద పెట్టాను. మళ్ళీ తీసుకున్నాను.

ఇన్ని మాటలుండగా ఆ మాటే దొరికింది ఆయనకి. షాపు పెట్టినప్పట్నుంచీ బావ చేసిన పనల్లా ఆ మాట అనడమే. కుర్చీ కాలు విరిగిందంటే అయిపోతుంది. ఆఫీసు మొత్తానికి కుషన్లు మార్చాలంటే అయిపోతుంది. వచ్చినవాళ్ళు "అయిపోతుంది సరే, ఎప్పటికి?" అనేవాళ్ళు. దానికి బావ నవ్వేవాడు. అంతే, జవాబుండేది కాదు. ఆ జవాబు నేను చేతుల్తో చెప్పుకోవాలి. బావ నోరు, అక్క కుట్టుమిషను, నేను కత్తెర. మా షాపంటే ఇంతే.

పోయిన నెల ఫోన్లో ఎవరికో అయిపోతుంది, అయిపోతుంది అంటూనే కౌంటరు మీదికి ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి.

సాయంత్రం వెళ్ళి చూశాను. మాటలన్నీ పోయినా నోటికి బాగా అలవాటైనది ఒక్కోసారి మిగిలిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. మనం అనేది ఆయనకి తెలుస్తుందట. ఆయన అనాలనుకునేది మాత్రం ఏదైనా సరే ఆ ఒక్క మాటగానే బయటికొస్తుందట. "విని సంతోషపడండి, కానీ నమ్మకండి" అంది.

ఎవరు నమ్మారు గనక.

బావ నన్ను చూసి ఎడమ చెయ్యి ఎత్తి "అయిపోతుంది" అన్నాడు. నన్ను దబ్బనం అని పిలిచేవాడు, నా మాట గుచ్చుకుంటుందని. ఇప్పుడూ దబ్బనం అనే అన్నాడేమో.

నాకేం అనిపించలేదు.

మార్చి 5, బుధవారం

పొద్దున్నే అక్క నన్ను బావ మీటింగుకి తోసింది.

"ఆయన ఒక్క బుధవారం మానలేదు. మన కుర్చీ ఖాళీగా కనిపిస్తే ఇంకోడు కూర్చుంటాడు. వెళ్ళు."

"వెళ్ళి ఏం చెప్పను?"

"నీరసంగా ఉన్నాడు, వచ్చేవారం వస్తాడని చెప్పు. మాట పోయిందని నోరు జారావో, చంపేస్తాను."

బేకరీ పైన ఒక గది. మురికి పట్టిన తెల్ల కవర్లేసిన కుర్చీలు. వాటిమీద ఊళ్ళో చిన్నాచితకా షాపులవాళ్ళంతా: రంగులేయించే ఆయన, కరెంటు పని, పైపులు, ప్రింటింగు, పరుపుల షాపు. ఒక్కొక్కరూ లేచి ఒక నిమిషం తమ పని గురించి చెప్పుకోవాలి. నిమిషం కాగానే ఒకాయన గంట కొడతాడు. తర్వాత టీ. ఫలానావాళ్ళు ఇల్లు కడుతున్నారు, మీ నంబరిచ్చాను అని ఒకరికొకరు పని చూపించుకుంటారు. దీన్ని నెట్‌వర్కింగ్ అంటారట. బావ టీ తాగడం అనేవాడు.

నా వంతొచ్చింది. లేచాను. "సోఫా పని, కుర్చీ పని. చిరిగితే తెండి." కూర్చున్నాను.

"ఇంకా బోలెడు టైముందమ్మా," అన్నాడు గంటాయన.

"బోలెడు మాటల్లేవు," అన్నాను.

రంగులాయన పడీపడీ నవ్వాడు. "వీళ్ళ బావకి గంట కొట్టినా ఆగడు. ఈ అమ్మాయికి గంటే దండగ!"

మూలన కూర్చున్న సినిమా హాలు మేనేజరు నవ్వలేదు. ఆయన కోసమే బావ ఏడాదిగా అక్కడ టీ తాగాడు. పాత హాలు బాగుచేయిస్తున్నారు, సీట్లన్నీ మార్చాలి. ఆ పనొస్తే మా షాపుంటుంది. రాకపోతే లేదు. అద్దె బాకీ కట్టకపోతే మా తాళం మీద ఇంకో తాళం వెయ్యాల్సొస్తుందని షాపు గది ఓనరు ఇప్పటికే అక్కకి రెండుసార్లు నవ్వుతూ చెప్పాడు.

మెట్ల దగ్గర పరుపులాయన పట్టుకున్నాడు. "బావ ఎలా ఉన్నాడు?"

"నీరసం. వచ్చేవారం వస్తాడు."

"అయ్యో పాపం. హాలు పని మీకు బరువైతే చెప్పండి, మేమున్నాం."

"మీరుంటారు. అది మాకు తెలుసు," అన్నాను.

మార్చి 6

దబ్బనం వేలికి దిగింది. రెగ్జిన్ మీద ఎర్రగా కనిపించాక తెలిసింది.

మార్చి 9

బావని ఇంటికి తెచ్చాం. మాటలు కోటలు దాటుతాయి కాళ్ళు గడప దాటవు అని ఏడిపించేదాన్ని ఆయన్ని. ఇప్పుడు రెండూ దాటడం లేదు. గడప మీదుగా నేనూ పక్కింటాయనా ఎత్తి దాటించాం.

అక్క ఆయన ముందు గ్లాసు పెట్టుకుని, చిన్నపిల్లాడికి నేర్పినట్టు, "నీళ్ళు. అనండి. నీ... ళ్ళు" అంటోంది.

బావ పెదాలు కూడదీసుకుని, మెడ నరాలు ఉబ్బేదాకా ప్రయత్నించి, "అయిపోతుంది" అన్నాడు.

"పెళ్ళయినప్పట్నుంచీ నాకు ఇదే సమాధానం," అంది అక్క. "ఇప్పుడేదో కొత్తగా జబ్బు చేసిందంటారు."

ముగ్గురం నవ్వాం. అక్క గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

మార్చి 12, బుధవారం

"సోఫాలు, కుర్చీలు, కారు సీట్లు." ఈసారి కారు సీట్లు కలిపాను. నీరసం, వచ్చేవారం వస్తాడు. ఎవరడిగినా అదే. నోట్లో టేపు రికార్డరు పెట్టినట్టు వచ్చేస్తోంది. బావకీ నాకూ పెద్ద తేడా లేదు.

టీ దగ్గర మేనేజరే వచ్చాడు. "మే మొదటి శుక్రవారం హాలు తెరవాలి. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. మీ బావ ఒక్కసారి నా మొహం చూసి చెప్తే పని మీదే. శనివారం షాపుకొస్తా."

"నేను చెప్తే చాలదా సార్? కోసేది నేనే."

"నువ్వెవరో నాకేం తెలుసమ్మా?"

కిందికి దిగుతుంటే రంగులాయన మెల్లగా అన్నాడు. "కోపం తెచ్చుకోకు. ఇక్కడ నీ చేతిపని ఎవడూ చూళ్ళేదు. మీ బావ మొహం చూసి ఇస్తున్నాడు."

"మొహం ఇంట్లో ఉంది. కావాలంటే తీసుకెళ్ళండి."

ఆయన ఆగిపోయి నా వంక చూశాడు. కొంచెం ఎక్కువ చెప్పేశానేమో.

మార్చి 15

అక్క పొద్దున్నే బావకి గడ్డం గీసి ఇస్త్రీ చొక్కా వేసింది. కౌంటరు వెనక పెద్ద కుర్చీలో కూర్చోబెట్టింది. కుడి చెయ్యి కనపడకుండా ఒళ్ళో గుడ్డల చుట్ట పెట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను.

"ఏం చూస్తావు, ఆ దిండు సర్దు," అంది. సర్దాను.

మేనేజరు ఫోన్ చెవికి పెట్టుకునే వచ్చాడు. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఏంటి బాస్, చిక్కారు! సరే, సూటిగా అడుగుతా. వెల్వెట్ గుడ్డ. కిందా బాల్కనీ, మొత్తం. మే మొదటి శుక్రవారానికి. ఏమంటారు?"

బావ ఆయన కళ్ళలోకి చూశాడు. పాతరోజుల్లోలాగే తల ఒక పక్కకి వాల్చి, పాత గొంతుతోనే, "అయిపోతుంది" అన్నాడు.

మేనేజరు కౌంటరు మీద చరిచాడు. "ఈ మాట కోసమే వచ్చా!" మళ్ళీ ఫోన్లో పడి వెళ్ళిపోయాడు. ముందుగా ఒక వరస బిగించి చూపించమని గుమ్మంలోంచి వేళ్ళతో సైగ చేశాడు.

అక్క బావ చొక్కా గుండీ సర్దింది. బావ తలుపు వంకే చూస్తున్నాడు. ఏమని ఉంటాడు? అవుతాయనా? ఆగండనా? నన్నిలా కూర్చోబెట్టారేంటనా?

నాకేం అనిపించలేదు.

మార్చి 16

నేనేమీ అబద్ధం చెప్పలేదు. అసలు నోరే విప్పలేదు.

మార్చి 17

దిండు ఒక్కటే సర్దాను.

మార్చి 20

వెల్వెట్ వచ్చింది. ఎండుమిరపకాయ రంగు. కోస్తున్నాను. నాకెవరూ పని నేర్పలేదు. బడి మానేశాక పాత సోఫాలు విప్పి, ఏది ముందు ఊడిందో చూసుకుని, దాన్ని చివర్లో బిగించి నేర్చుకున్నాను. విప్పితే రానిదేముంది. రెగ్జిన్ ఎలా కోస్తానో దీన్నీ అలాగే: ఒక ముక్క తల ఇటు, పక్క ముక్క తల అటు. మధ్యలో గుడ్డ వృథా కాదు. అక్క మిషను ఆగడం లేదు. బావ కుర్చీలో కూర్చుని మమ్మల్ని చూస్తాడు.

పని బాగానే సాగుతోంది. మే నాటికి అవుతుంది. అవ్వాలి.

మార్చి 22

అవుతుంది.

మార్చి 24

కోసిన ముక్కలు బావ ముందున్న బల్ల మీద పేర్చాను. వరసకి సరిపడా అయ్యాయి. ఆయన ఎడమ చేత్తో ఒకదాన్ని నిమిరాడు. పక్కదాన్ని నిమిరాడు. మళ్ళీ మొదటిదాన్ని.

"అయిపోతుంది," అన్నాడు.

నేను పట్టించుకోలేదు. మళ్ళీ అన్నాడు. గొంతు పెంచాడు. "అయిపోతుంది! అయిపోతుంది!" బల్ల మీద కొడుతున్నాడు. ముక్కలు కింద పడుతున్నాయి.

ఇక నావల్ల కాలేదు. "ఏం అయిపోతుంది? ఎక్కడ అయిపోతుంది? నువ్వు ఊళ్ళోవాళ్ళందరికీ అయిపోతుంది, అయిపోతుంది అని కూర్చుంటావు. ఇక్కడ వేళ్ళు అరిగేది నావి! ఏనాడైనా ఎప్పటికని చెప్పావా? ఇప్పుడైనా చెప్పు. ఎప్పటికి?"

మిషను ఆగింది.

బావ నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ ఎడమ చేతిలో ఇంత బలముందని తెలీదు. నా అరచేతిని ముక్క మీద పెట్టి పైనుంచి కిందికి లాగాడు. మెత్తగా, పిల్లి వీపులా జారింది. పక్క ముక్క మీద పెట్టి అలాగే లాగాడు. గరగర. వేళ్ళకి ఎదురు తిరిగింది.

లేచి ట్యూబులైటు కిందికి తీసుకెళ్ళాను. ఒక ముక్క ముదురు ఎరుపు. దాని పక్కది తేలిపోయిన ఎరుపు. దాని పక్కది ముదురు. ఒకే తానులోది.

వెల్వెట్‌కి తలా కాళ్ళూ ఉంటాయి. దాని నూగు ఒకవైపుకే పడుకుంటుంది. రెగ్జిన్‌కి ఎలా తిప్పినా ఒకటే, దీనికి కాదు. హాల్లో దీపాలు వేస్తే వరసంతా చదరంగం బల్లలా కనిపించేది. కోసినవాటిలో సగం తలకిందులు.

షాపు పెట్టకముందు ఎప్పుడో ఆయనా కత్తెర పట్టాడు, ఎన్నేళ్ళయిందో. టీ తాగడం తప్ప ఏమీ రాదనుకున్నాను.

గరుకు ఇంకా అరచేతిలో ఉంది. రాస్తుంటే కూడా తెలుస్తోంది. ఈ మధ్య నా ఒంటికి తెలిసింది ఇదొక్కటే.

మార్చి 25

సగం మళ్ళీ కొయ్యాలి. ఇద్దరమే. మే మొదటి శుక్రవారానికి కింద సీట్లే కష్టం, బాల్కనీ సంగతి వదిలేయ్. అక్కతో చెప్పాను.

"ఏదో ఒకటి చేద్దాం. ముందు పని చేజారనీకు."

"అక్కా, ఆ రోజు బావ ఒప్పుకోలేదు. ఆయనకి వేరే మాట లేదు, అంతే. దాన్ని మనం ఒప్పందం అంటున్నాం."

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నీ నోటితో మనకి వీధే గతి."

"బావది మంచి నోరేగా. ఏం జరిగింది?"

అక్క నన్ను కొట్టడానికి చెయ్యెత్తి, ఆ చేత్తో మిషను మీద దుమ్ము తుడిచింది.

మార్చి 26, బుధవారం

నా నిమిషం.

"మా బావకి నీరసం కాదు. పక్షవాతం. మాట పోయింది. అయిపోతుంది అన్న మాట ఒక్కటే మిగిలింది. నీళ్ళు కావాలన్నా అదే, కాలు నొప్పన్నా అదే. ఆ మాట నమ్మి మేనేజరుగారు హాలు పనిచ్చారు. ఆయన్ని కూర్చోబెట్టి అనిపించింది మేం. దిండు సర్దింది నేను."

గంటాయన గంట పైకెత్తి అలాగే పట్టుకున్నాడు. కింద బేకరీలో ఎవరో ట్రేలు పడేశారు.

మేనేజరు మొహం వెల్వెట్ రంగుకి వచ్చింది. "ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

"ముందే చెప్పాలి. చెప్పలేదు."

"సరే. సీట్లు అవుతాయా, అవ్వవా? నువ్వు చెప్పు."

ఆ గదిలో మా షాపు నుంచి ఎవరూ ఎప్పుడూ అనని మాట అన్నాను. "అవ్వవు."

ఎవరో గొంతు సవరించుకున్నారు. కూర్చోవచ్చు. కూర్చోలేదు.

"మేమిద్దరమే అయితే అవ్వవు. ఫోమ్ కోసే మిషను పరుపులాయన దగ్గరుంది, మనుషులున్నారు. ఫోమ్ ఆయన కొయ్యాలి, గుడ్డ మేం కొయ్యాలి, బిగించడం అందరం. అప్పుడు కూడా కింద సీట్లు అవుతాయి. బాల్కనీ అవ్వదు. అది జూన్."

పరుపులాయన కళ్ళు చిట్లించాడు. "మరి మొత్తం నేనే చెయ్యొచ్చుగా?"

"మీకు వెల్వెట్ రాదు."

"నీకొచ్చా?"

"మొన్నటిదాకా రాదు. సగం తలకిందులుగా కోశాను. ఇప్పుడొచ్చు."

ముందు రంగులాయన నవ్వాడు. తర్వాత పరుపులాయన. మేనేజరు నవ్వలేదు. లేచి వెళ్తూ, "ముందు చెప్పిన వరస ఆదివారానికి బిగించు. చూసి చెప్తా," అన్నాడు.

అప్పుడు కొట్టాడు గంట.

మార్చి 27

అక్కకి రంగులాయన చెప్పేశాడు. అక్క నాతో మాట్లాడటం లేదు. ఇంట్లో ప్రస్తుతం మాట్లాడేది బావ ఒక్కడే.

మార్చి 30

వరస బిగించాం. బిగించేటప్పుడు పరుపులాయన పంపిన మనిషి స్క్రూలు అందించాడు. ఒక్కో సీటు నేనే నిమిరి చూశాను, పైనుంచి కిందికి. అన్నీ ఒకేవైపు పడుకున్నాయి.

మేనేజరు దీపాలన్నీ వేయించాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాడు. ప్రతి సీట్లో కూర్చుని లేచాడు, బరువుగా, విరగ్గొట్టడానికి వచ్చినవాడిలా. ఒక్కటీ కిర్రుమనలేదు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. షాపు ఉంటుందో పోతుందో ఈయన కూర్చుని లేవడంలో ఉంది. కాళ్ళ కింద నేల ఉన్నట్టు కూడా తెలీలేదు.

చివరి సీట్లో కూర్చుండిపోయి తెర వైపు చూస్తూ అన్నాడు. "ఏడాది టీ తాగాం. మీ బావ ఒక్కసారి కూడా అవ్వదు అనలేదు నాతో."

"ఆయనకి ఆ మాట రాదు సార్. అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు."

"నీకొక్కదానికే వచ్చినట్టుంది." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "కింద హాలుతో తెరుస్తాం. బాల్కనీ జూన్. తేడా వస్తే మీ బావతో కాదు, నీతోనే మాట్లాడతా."

సరే అన్నాను. సంతోషించాలి. అక్కకి ఫోన్ చేసి చెప్పాను. అవతల మిషను చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

ఏప్రిల్ 2, బుధవారం

మీటింగులో నా పక్కన పరుపులాయన కూర్చున్నాడు. బిస్కెట్ల ప్లేటు నా వైపు తోశాడు. నిమిషంలో సగం మాట్లాడాను.

ఏప్రిల్ 9

పని.

ఏప్రిల్ 13

పని. అక్క మాట్లాడింది. "దారం అయిపోయింది" అంది.

ఏప్రిల్ 21

కోసిన ప్రతి ముక్కా ముందు బావ దగ్గరికి వెళ్తుంది. కళ్ళు మూసుకుని నిమిరి, అయిపోతుంది అంటాడు. ఇప్పుడు నాకు తెలుస్తోంది, అది ఒక మాట కాదు. బాగుంటే మాట చివర లాగుతాడు. తప్పుంటే తెంచుతాడు. ఆకలైతే గొంతు మధ్యలో సన్నబడుతుంది. అక్కకి ఈ సంగతి ముందే తెలుసట. "నువ్వడగలేదుగా" అంది.

దబ్బనం మళ్ళీ దిగింది. అమ్మా అన్నాను. బావ ఉలిక్కిపడి చూశాడు.

మే 1

రేపు తెరుస్తారు. బాల్కనీలో కుర్చీల్లేవు, తాడు కట్టారు. కింద ఆఖరి స్క్రూ నేను బిగించాను. పరుపులాయన మనుషులు నిచ్చెనలు మోసుకుపోయారు. పైకి చూసి రంగులాయన, "కప్పుకి రంగు నేను వేశా, ఎవడూ చూడడు. కింద సీట్లు నువ్వు వేశావు, అందరూ కూర్చుని తొక్కుతారు. ఎవరిది నయం?" అని వెళ్ళిపోయాడు.

అక్క బావని కర్రతో నడిపించుకుంటూ తెచ్చింది. మధ్య వరసలో కూర్చోబెట్టి, తాళాలేవో అడగడానికి బయటికి వెళ్ళింది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. తెర ఖాళీగా తెల్లగా ఉంది. ఒక్కసారిగా ఇంత ఎరుపు. అన్నీ ఒకేవైపు పడుకుని.

బావ ఎడమ చేత్తో సీటు చెయ్యి నిమురుతున్నాడు.

"బావా, షాపుంది," అన్నాను. "పనొచ్చింది. అంతా బాగానే ఉంది. నాకే ఏమీ తెలీడం లేదు. నువ్వు పడిపోయినప్పట్నుంచీ ఇలాగే ఉంది. పొద్దున లేస్తాను, కోస్తాను, తింటాను. ఎవరిదో ఒళ్ళు అద్దెకి తెచ్చుకున్నట్టుంది. ఇది పోతుందా?"

ఆయన నా వైపు తిరిగాడు. చాలాసేపు పెదాలు కదిపాడు. వేరే మాట వస్తుందేమోనని చూశాను.

"అయిపోతుంది," అన్నాడు. చివర లాగి.

"ఎప్పటికి?" అన్నాను.

బావ నవ్వాడు. సగం మూతితో.